మా పిల్ల మార్కుల్లో తరుగెంతో చెప్పండయ్యా

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన నెల మీ జిల్లా పేజీలో జిమ్నాస్టిక్స్ పోటీల ఫొటో వేశారు. మెడల్స్ వేసుకున్న ముగ్గురు పిల్లలు, వెనక శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి గారు, కింద పేర్లు. అందులో మా అమ్మాయి లేదు, గెలవలేదు కాబట్టి లేదు, దాని గురించి కాదు నేను రాసేది. ఆ రోజు పోటీ అయ్యాక గోడకి ఒక కాగితం అంటించారు. ఒక్కో పిల్ల పేరు పక్కన ఒక్కో అంకె. ఆ అంకె ఎట్టా వచ్చిందో, ఎక్కడ కోసేశారో చెప్పే నాథుడు లేడు, పిల్లలంతా ఆ కాగితం ముందు నిలబడి చూసుకోడం, మొహం వేలాడేసుకుని బ్యాగు సర్దుకోడం. దాని గురించే ఈ ఉత్తరం. పెద్దదైతే కత్తిరించుకోండి గానీ తరుగు సంగతి మాత్రం ఉంచండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఏడో ఏట నుంచి జిమ్నాస్టిక్స్ చేస్తంది. వారంలో మూడు రోజులు కోచింగ్‌కి విజయవాడ తీసుకెళ్తాం, స్కూలు అయ్యాక బస్సెక్కితే మంగళగిరి దాటేలోపే నా భుజం మీద నిద్రపోయిద్ది, వారధి మీదకి రాగానే లేపుతా. ఇంత చేసినా ఏడాదిగా బీమ్ (పిల్లలు ఎక్కి విద్యలు చేసే సన్నటి దూలం) మీద దాని మార్కులు 9.1, తర్వాత 9.0, తర్వాత మళ్లీ 9.1. ఎక్కడి గొంగళి అక్కడే. దీంతో పాటు మొదలెట్టిన పిల్లలు ముందుకెళ్లిపోయారు. ఒక రోజు తిరుగు బస్సులో, నిద్రపోయిందనుకున్నా, కళ్లు మూసుకునే అంటంది, "నాన్నా, నేను ఇక్కడితో ఆగిపోయానేమో, మానేస్తే మీకు బస్సు ఛార్జీలన్నా మిగులుతాయి గదా" అని. ఏం చెప్పాలో తెలీక కిటికీ వైపు చూశా.

సలహాలకి మాత్రం కొదవ లేదండీ. మా బావగారు పెద్ద పెద్ద పల్టీలు నేర్పించమంటాడు, టీవీలో చూశాడంట. పోటీల దగ్గర కనపడే ఇంకో నాన్న అయితే గ్యాలరీలో నుంచే కేకలేస్తాడు వాళ్ల పిల్లని, "కాలు కాలు" అని, అది విని ఆ పిల్ల ఇంకా వణికిపోయిద్ది. నేనూ తక్కువ తినలేదు, నిజం చెప్పొద్దూ, కొత్త విద్య ఏదన్నా పెడితే మార్కులు లేస్తాయని కోచ్ సార్ చుట్టూ తిరిగా. ఆయన దగ్గర ముప్పై మంది పిల్లలు, ఆయనకీ రెండు చేతులే గదా.

పోయిన ఏడాది చివర్లో జరిగిన పోటీలో ఒక రిటైరైన జడ్జి మేడం కనపడ్డారు. అంతా అయిపోయి టీ తాగుతుంటే ధైర్యం చేసి అడిగా, మేడం మా పిల్లకి 9.1 ఎందుకొచ్చిందో చెప్తారా అని. తిట్టుద్దేమో అనుకున్నా. ఆవిడ నా చేతిలో ఉన్న కాగితం తీసుకుని వెనక్కి తిప్పి రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ పర్సులో ఉంది.

సంగతి ఏందంటే, మార్కు రెండు ముక్కలు. ఒకటి డీ స్కోరు, పిల్ల ఎంత కష్టమైన విద్యలు చేసిందనేది, అది సున్నా నుంచి పైకి కూడుకుంటా పోవాలి. రెండోది ఈ స్కోరు ("ఈ" అంటే ఇంగ్లీషు అక్షరం, ఇదీ అదీ కాదు), ఎంత శుభ్రంగా చేసిందనేది, అది 10 దగ్గర మొదలై కిందకి కోసుకుంటా పోతారు. మా పిల్లకి డీ 2.5, ఈ 6.6, కలిపితే 9.1. అంటే పదిలో 3.4 కోసేశారు. నేను ఆ కాగితం చూసి "ఇది తరుగు గదా మేడం" అన్నా, ఆవిడకి అర్థం కాలేదు. యార్డులో పని చేసేవాళ్లకి వెంటనే తెలిసిద్ది. రైతు బస్తాలు దించగానే మచ్చు తీసి చూస్తాం, తేమ ఎంత, తాలు కాయ ఎంత, దాన్ని బట్టే రేటు, తూకంలో తరుగు. సరుకు తేజ రకమే కావచ్చు, ఘాటు నషాళానికి అంటొచ్చు, తాలు ఎక్కువుంటే రేటు పడదు.

పాత రోజుల్లో ఇట్టా లేదంట. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో నాదియా కొమనేచి అని 14 ఏళ్ల రుమేనియా పిల్ల పదికి పది తెచ్చుకుంటే బోర్డు మీద 10 చూపించే వీలు లేక 1.00 అని పడింది. 2004 ఏథెన్స్‌లో మార్కుల మీద గొడవలయ్యాక 2006 నుంచి ఆ పదికి పది పద్ధతి తీసేసి ఈ రెండు ముక్కల లెక్క పెట్టారు. ఇంకా చాలామంది అమ్మానాన్నలు పదికి ఎంత అనే పాత లెక్కలోనే ఉన్నారు, నేనూ మొన్నటిదాకా అంతే.

తరుగు రేట్లు కూడా మేడం రాసిచ్చారు. చిన్న తప్పుకి 0.1, మధ్యరకానికి 0.3, పెద్దదానికి 0.5, బీమ్ మీద నుంచి పడితే 1.0. పడ్డాక మళ్లీ ఎక్కడానికి 10 సెకన్లు. మోకాలు కొద్దిగా వంగితే 0.1, బాగా వంగితే 0.5 దాకా. బీమ్ మీద ఊగితే ఊగుడిని బట్టి. గాల్లో లేచి కాళ్లు చాపినప్పుడు రెండు కాళ్లూ 180 డిగ్రీలు రావాలి, 20 డిగ్రీల లోపు తగ్గితే 0.1, అంతకు మించి 45 దాకా తగ్గితే 0.3, అది కూడా దాటితే అసలు ఆ విద్యకి లెక్కే కట్టరు. దిగేటప్పుడు ఒక చిన్న అడుగు పడితే 0.1, పెద్ద అడుగు అయితే 0.3.

ఇప్పుడు కొత్త విద్య సంగతి చూడండి. విద్యలకి ఏ బీ సీ అని రకాలు, ఏ కి 0.1, బీ కి 0.2, సీ కి 0.3. అంటే మా పిల్ల ఆరు నెలలు కిందా మీదా పడి ఒక బీ తీసేసి సీ పెట్టుకుంటే పెరిగేది 0.1! ఆ సీ చేసేటప్పుడు ఒక్కసారి మోకాలు గట్టిగా వంగిందా, వచ్చింది పోయి చేతిలోది కూడా పోయిద్ది. పడిందా, పది సీ లు నేర్చుకున్న కష్టం గంగలో కలిసింది. నేను సార్ చుట్టూ ఏడాది తిరిగింది ఈ 0.1 కోసమా అని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అసలు కొత్తవి వద్దనే అనడంలా నేను. బీమ్ మీద నాలుగు రకాల షరతులుంటాయి, ఒక్కోటి తీరిస్తే డీ స్కోరులో 0.5, మా పిల్లకి మూడు వస్తున్నాయి, నాలుగోది రావట్లా. గాల్లోకి లేచే విద్యలు రెండు ఆపకుండా వరసగా చెయ్యాలి, అందులో ఒకటి చెయ్యి ఆనించని పల్టీ అయ్యుండాలి. అది వస్తే ఒకేసారి 0.5, అది నిజంగా పెద్ద మార్కే. కానీ దానికి ముందు ఫ్లిక్ రావాలి, వెనక్కి ఎగిరి చేతుల మీద నుంచి తిరగడం, ఫ్లోర్ మీద కళ్లు మూసుకుని చేసే పిల్ల బీమ్ ఎక్కితే చెయ్యలేకపోతంది. ఎందుకంటే బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, నేల నుంచి ఎత్తు 125, మన చెయ్యి అడ్డం పెడితే నిండిపోయే అంత చోటు. పైగా ఏడాదిలో 8 సెంటీమీటర్లు పొడవు పెరిగింది. పాత ఒళ్లుతో నేర్చుకున్న అంచనాలు కొత్త ఒళ్లుకి సరిపోవు గదా, పోయిన ఏటి గౌను లాగా. కోచ్ సార్ ఇప్పుడు నేల మీద గీత గీసి, తర్వాత నేలకి ఆనించిన తక్కువ ఎత్తు బీమ్ మీద, తర్వాత చుట్టూ మ్యాట్లు పేర్చి చేయిస్తున్నారు, తొందర పెట్టట్లా. భయపడుతుందని ఎగతాళి చేసే వాళ్లకి ఒక్క మాట, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా ఛాంపియన్ సిమోన్ బైల్స్ అంతటి ఆవిడ గాల్లో తన ఒళ్లు ఎటు తిరుగుతుందో తెలియట్లేదని పోటీ మధ్యలో తప్పుకుంది. మా పదమూడేళ్ల దానికి భయం వస్తే తప్పా?

సరే, తరుగు లెక్కకొద్దాం. ఆ పోటీలో మా ఆవిడ ఫోన్‌లో తీసిన వీడియో ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ అదీ కూర్చుని, నిదానంగా నడిపించుకుంటా, యార్డు నుంచి తెచ్చిన పాత చిట్టా పుస్తకంలో రాశాం. పడినందుకు 1.0. ఊగుళ్లు నాలుగు, 0.8. కాళ్లు పూర్తిగా చాపనివి రెండు, 0.4. మోకాళ్లు 0.4. కాలి వేళ్లు చాపకుండా వదిలేసినవి మూడు, 0.3. దిగేటప్పుడు పెద్ద అడుగు 0.3. మొత్తం 3.2 తేలింది. జడ్జీలు కోసింది 3.4, ఆ మిగతా 0.2 మధ్యమధ్యలో ఆగి ఆలోచిస్తా చేసినందుకు అయ్యుంటది. మా అమ్మాయి ఆ పేజీ చాలాసేపు చూసింది. ఏడాదిగా "నాకు రాదు" అనుకుంటంది, ఎందుకు రావట్లేదో మొదటిసారి అంకెల్లో కనపడింది. "నాన్నా, వేళ్లు చాపడానికి ధైర్యం అక్కర్లేదు గదా" అంది. ఆ మాటకి నేను ఆ రోజు దానికి ఐస్‌క్రీం కొనిపెట్టా, మా ఆవిడ తిట్టింది జలుబు చేసిద్దని.

పెద్దవాళ్ల పోటీల్లో కూడా ఇంతే సన్నపు తేడాలండీ. 2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్‌కి వాల్ట్‌లో (పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులానించి ఎగిరి పల్టీ కొట్టి దిగే పోటీ) నాలుగో స్థానం, మన దేశం మొత్తం అయ్యో అంది గదా. ఆమెకి 15.066, కాంస్యం వచ్చిన స్విట్జర్లాండ్ ఆమెకి 15.216. తేడా 0.15. ఫైనల్లో రెండు వాల్ట్‌లు చేస్తారు, రెండిటి సగటు తీస్తారు, అంటే ఒక వాల్ట్‌లో 0.3 తరుగు తగ్గుంటే సమానం అయిపోయేది. ఆ ప్రొడునోవా (ముందుకి రెండు పల్టీలు కొట్టే వాల్ట్) దిగేటప్పుడు బాగా కిందకి కూర్చుండిపోయింది చూశారా, అక్కడ. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డికి 2018 మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం వచ్చింది, 13.649. రజతం 13.699. తేడా 0.05, అంటే రెండు వాల్ట్‌లలో ఏదో ఒకదాంట్లో ఒక చిన్న అడుగు. ఈ లెక్క మా అమ్మాయే వేసి చూపించింది, లెక్కల్లో దానికి అంత మార్కులేం రావు, ఇది మాత్రం నోటితో వేసేసింది.

అందుకని మన జిల్లాల్లో పోటీలు పెట్టే పెద్దలని మీ పత్రిక ద్వారా అడిగేది ఒకటే. గోడకి అంటించే కాగితంలో ఒక అంకె బదులు మూడు వెయ్యండి, డీ ఎంత, ఈ ఎంత, మొత్తం ఎంత. పెద్ద పోటీల్లో బోర్డు మీద వేస్తారు గదా. ఇంకా మనసుంటే ఎక్కువ తరుగు ఎక్కడ పోయిందో పిల్ల పేరుతో ఒక చీటీ మీద రెండు ముక్కలు, మోకాళ్లు, ఊగుడు, అంతే చాలు. జడ్జీలతో తగాదాకి కాదు, అంతర్జాతీయ పోటీల్లో కూడా డీ స్కోరు మీదే అప్పీలు చేసుకునే వీలుంది, ఈ స్కోరు మీద లేదు, అది నాకూ తెలుసు. జడ్జీలు తక్కువ, పిల్లలు ఎక్కువ, టైం ఉండదంటారు, నిజమే, ఎండాకాలం రేకుల షెడ్డులో పొద్దున్నుంచి కూర్చునే వాళ్ల కష్టం చూశాను. కానీ ఆ అంకెలు వాళ్ల షీటులో ఎట్టాగూ రాసే ఉంటాయి గదా, గోడ మీదకి ఎక్కించడమే. యార్డులో రైతుకి రేటు తగ్గిస్తే ఎందుకు తగ్గిందో లెక్క చీటీ ఇచ్చి పంపుతాం, ఇవ్వకపోతే కాటా దగ్గర ఎంత గొడవ అయిద్దో మీకు తెలియంది కాదు. పిల్లలు గొడవ చెయ్యరు, మానేస్తారు.

మీ స్పోర్ట్స్ పేజీ వాళ్లకి కూడా ఒక మనవి, ఈసారి ఫొటోతో పాటు ఆ ముగ్గురి డీ, ఈ స్కోర్లు కూడా రాయండి, శాలువా వివరాలు కొంచెం తగ్గినా మేం ఏమీ అనుకోం.

మూడు నెలల తర్వాత మళ్లీ పోటీకెళ్లాం. రొటీన్ అదే, ఒక్క విద్య కూడా మార్చలా. మళ్లీ పడింది, అదే చోట. వచ్చింది 9.6. డీ అదే 2.5 కాబట్టి తరుగు 2.9కి తగ్గిందని మేమే తీసేసి చూసుకున్నాం. కాగితం దగ్గర నుంచి వచ్చి ఏడవలేదు, "పడకుండా ఉంటే 10.6 నాన్నా" అని బస్టాండ్ దాకా అదే మాట. ఇంటికొచ్చి చిట్టా పుస్తకం తనే తీసింది, నన్ను రాయనివ్వలేదు, నా అక్షరాలు అర్థం కావంట. కాలి వేళ్లు దగ్గర ఈసారి 0.1 అని రాసి దాని కింద రెండు గీతలు కొట్టింది.

ఇట్లు,
ఒక మిర్చి యార్డు గుమస్తా,
బ్రాడీపేట, గుంటూరు