నైజీరియా చమురు, ఓగోని బావుల నీళ్లు

సంపాదకుల వారికి,

అయ్యా,

నైజీరియా గురించి మన పత్రికల్లో వచ్చే పరిచయ కథనాలు ఆ దేశ జనాభా 20 కోట్లు దాటిందనీ, 36 రాష్ట్రాలున్నాయనీ, హౌసా, యోరుబా, ఇగ్బో ప్రజలతో పాటు వందలాది భాషల వాళ్లున్నారనీ వివరంగానే చెబుతున్నాయి గానీ, దేశానికి విదేశీ మారకం సమకూర్చిపెడుతున్న చమురును ఏ నేల నుంచి తీస్తున్నారో, అక్కడి జనం ఎలా బతుకుతున్నారో దాదాపుగా రాయడం లేదు.

నైజర్ డెల్టాలోని ఒలోయిబిరిలో 1956లో చమురు పడింది. 1960లో స్వాతంత్ర్యం రాకముందే ఎగుమతులు మొదలయ్యాయి. ఆగ్నేయ ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోవడంతో 1967–70లో సాగిన అంతర్యుద్ధానికి జాతుల మధ్య వైరంతో పాటు ఈ చమురుపై పెత్తనం కూడా ఒక కారణమైంది. అదే డెల్టాలోని ఓగోని ప్రాంతంలో చమురు కారి మడ అడవులు, చేపల వేట దెబ్బతిన్నాయి. న్యాయం అడుగుతూ ఉద్యమం నడిపిన రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది. ఆ దుర్మార్గానికి నిరసనగా కామన్వెల్త్ ఆ దేశ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఓగోని ప్రాంతంపై 2011లో ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలతపడుతుంది. ఓగాలే దగ్గర ఒక ఊళ్లో జనం తాగుతున్న బావి నీళ్లలో బెంజీన్ అనే క్యాన్సర్ కారక రసాయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు మించి ఉంది. ఆ పక్కనే, బావులకు ఊటనిచ్చే భూగర్భజలం మీద 8 సెంటీమీటర్ల మందాన శుద్ధిచేసిన చమురు తేలుతూ కనిపించింది. ఆ ప్రాంతం కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టవచ్చని నిపుణులు తేల్చారు.

చమురు పండే రాష్ట్రాలకు ఆ రాబడిలో కనీసం 13 శాతం ఇవ్వాలని 1999 రాజ్యాంగం చెబుతున్నా, ఆ డబ్బుతో ఊళ్లకు మంచినీళ్లు కూడా సరిగా చేరకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం. ఇంత ముడిచమురు అమ్ముకునే దేశం, ప్రభుత్వ రిఫైనరీలు మూలపడటంతో, ఏళ్ల తరబడి పెట్రోలు దిగుమతి చేసుకుంది. లేగోస్ సమీపంలో రోజుకు 6.5 లక్షల బ్యారెళ్ల సామర్థ్యంతో డాంగోటే రిఫైనరీ వచ్చాక ఆ పరిస్థితి కొంత మారుతోంది.

1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండడం కోనసీమ వాళ్లం చూశాం కాబట్టి ఓగోని జనం గోడు మాకు తేలిగ్గానే అర్థమవుతుంది. 2016లో అక్కడ ప్రారంభించిన శుద్ధి కార్యక్రమం ఎంతవరకు వచ్చిందో, ఏయే ఊళ్లకు మంచినీళ్లు అందాయో తెలిపే సమగ్ర కథనాన్ని మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, అమలాపురం