ఆదివారం కాకినాడలో ఫాయిల్ కైట్

అందరికీ నమస్కారం. ఆదివారం కైట్‌ఫాయిలింగ్‌కి, అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి సముద్రంలో సాగడానికి, బీచ్‌కి వచ్చేవాళ్ళు ఇది చదివి రండి. గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటేలా లేదు. హైడ్రోఫాయిల్‌కి, అంటే బోర్డు కింద మాస్ట్ అనే నిలువు కడ్డీ చివర నీటిలో ఉండే రెక్కకి, అది చాలు. బోర్డు నీటి పైకి లేచిందంటే ఈడ్పు బాగా తగ్గుతుంది, మన వేగమే కైట్‌కి అదనపు గాలి ఇస్తుంది. కష్టమంతా ఆ లేవడంలోనే! కైట్‌ని ఒకచోట నిలపకుండా పైకీ కిందికీ తిప్పుతూ, బోర్డును కాస్త గాలివాలుకు మళ్ళించండి. మలుపులో బోర్డు నీటిని తాకితే వేగం పోయి తాళ్ళు వదులవుతాయి. ఫాయిల్ కైట్ అంటే పారాగ్లైడర్‌లా అరలున్న గుడ్డ కైట్. దానికి గాలి కొట్టే ట్యూబులుండవు కాబట్టి బరువు తక్కువే, కానీ అరల్లోకి నీళ్ళు చేరితే ఇంత తక్కువ గాలికి మళ్ళీ లేపడం దాదాపు అసాధ్యం. అందుకే ఈదుకుంటూ రాగలిగినంత దూరమే వెళ్ళండి.

పొద్దున్న నేల మీంచి సముద్రంలోకి వీచే గాలికి ఎవరూ దిగొద్దు, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాకే. హోప్ ఐలాండ్ అడ్డుండటంతో అలలు తక్కువ. కోరంగి మడ అడవుల వైపు మాత్రం లోతు లేదు, మాస్ట్ బురదలో దిగబడితే ముందుకి ఎగిరిపడతారు. వలలు ఎక్కడున్నాయో వేటకెళ్ళే అన్నలను అడిగి దిగండి.

హెల్మెట్, లైఫ్ జాకెట్ లేనివాళ్ళు ఒడ్డున కాజాలు తింటూ చూడొచ్చు. శనివారం రాత్రిలోపు పేర్లు పెట్టండి, తోడుగా పడవ మాట్లాడాలి.