జీతం సంగతి తర్వాత, ముందు క్లాజులు చూడరా

ఒరేయ్ రవీ,

ఫుట్‌బాల్ మేనేజర్ 2024 కంప్యూటర్ గేమ్‌లో సండర్‌ల్యాండ్ టీమ్‌ని ఇంగ్లండ్ టాప్ లీగైన ప్రీమియర్ లీగ్‌కి తెచ్చావంటే ఎంత సంతోషమేసిందో! కానీ ఆ స్ట్రైకర్ కాంట్రాక్ట్ గొడవ చదివాక నాకే టెన్షన్ పట్టుకుంది. ఏజెంట్ వారానికి 60 వేల పౌండ్లు అడిగాడని నువ్వు ఆ అంకె పట్టుకునే వేలాడుతున్నావు. దాని కింద ఉన్నవి చదువు ముందు, అసలు డబ్బు కారిపోయేది అక్కడ.

మ్యాచ్ హయ్యెస్ట్ ఎర్నర్ అనే క్లాజ్, అంటే టీమ్‌లో అందరికంటే ఎక్కువ జీతమున్నవాడితో సమానం చేసేది, కనిపిస్తే వెంటనే తీసెయ్. అది ఉంచావంటే, రేపు ఓ గోల్‌కీపర్‌ని 90 వేలకి తెచ్చుకున్న రోజునే వీడి జీతమూ 90 వేలైపోతుంది, ఇలాంటి వాళ్ళు ముగ్గురుంటే వేజ్ బడ్జెట్ గల్లంతే. బదులుగా అప్పియరెన్స్ ఫీజు, గోల్ బోనస్ పెంచు, ఆడితేనే ఇస్తావు, గాయమై కూర్చుంటే ఇవ్వక్కర్లేదు. రెలిగేషన్ వేజ్ డ్రాప్ (టీమ్ కింది లీగ్‌కి పడిపోతే జీతం తగ్గే క్లాజ్) మాత్రం ఎంత బతిమాలినా వదలకు. 2023-24లో పైకొచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ అదే సీజన్‌లో కిందికి పోయాయి, నీ టీమ్ వాటికంటే గట్టిదని నాకైతే నమ్మకం లేదు.

ఇంకోటి, వాడికి స్టార్ ప్లేయర్ అని మాటివ్వకు. ఇచ్చాక రెండు మ్యాచ్‌లు బెంచ్ మీద కూర్చోబెడితే అలుగుతాడు, వాడితోపాటు డ్రెస్సింగ్ రూమ్‌లో నలుగురు అలుగుతారు. రెగ్యులర్ స్టార్టర్ చాలు, దానికి జీతం కాస్త ఎక్కువడిగినా పర్లేదు, ఇచ్చెయ్.

రిలీజ్ క్లాజ్ (అందులో రాసిన డబ్బు కట్టిన క్లబ్ వాణ్ణి తీసుకుపోవచ్చు) కావాలని పట్టుబడితే అంకెని బాగా పైకి నెట్టు. 2017లో నేమార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టేస్తే బార్సిలోనా అంతటి క్లబ్బే ఏమీ చేయలేకపోయింది, మనమెంత! అలాగని ప్రతిదానికీ తాళం గుర్తు నొక్కి, ఇక మార్చనని బిగించకు. తెగేదాకా లాగితే ఏజెంట్ లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ కొన్నాళ్ళు మాట్లాడడు.

అదీ కాక నీకు టైమ్ లేదురా. వాడి కాంట్రాక్ట్ జూన్ 30తో అయిపోతుందన్నావు. జనవరి 1 దాటితే విదేశీ క్లబ్బులు ఏ ఫీజూ లేకుండా ముందే సంతకం పెట్టించుకుంటాయి, కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడు ఫీజు లేకుండా వెళ్ళొచ్చన్న 1995 యూరప్ కోర్టు బోస్మన్ తీర్పు పుణ్యమా అని. డిసెంబర్‌లోనే తేల్చేసి, బేరం ఎంతకి కుదిరిందో నాకు వెంటనే రాయి.

నీ,
శీను