కొత్త పువ్వు ఊరికి వెళ్లే ముందు

శీనూ,

ఎలా ఉన్నావురా? పిల్లల పరీక్షలు అయిపోయాయా? నా టికెట్ వచ్చేసింది. సెప్టెంబరు 3న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాకి ప్రయాణం. ఆరు నెలలు అక్కడే ఉద్యోగం.

అమ్మకి చెప్పగానే "అక్కడ తిండి దొరుకుతుందా నాన్నా?" అంది. అమ్మనేం అంటాం? ఇథియోపియా అంటే మనందరికీ 1984 కరువు ఫోటోలే కదా. నెల రోజులుగా ఆ దేశం గురించి చదువుతున్నాను. ఇన్నేళ్లూ ఆ ఫోటోలతోనే సరిపెట్టుకున్నందుకు నిజంగా బాధేసింది. 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించి తమ దేశాన్ని నిలబెట్టుకున్నవాళ్లు రా వాళ్లు!

నన్ను బాగా కట్టిపడేసింది మాత్రం వాళ్ల లిపి. వాళ్ల అమ్హారిక్ భాష అక్షరాల పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఒకటో తరగతి గుర్తొచ్చింది. అచ్చం మన గుణింతమే! ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. లె, లు, లీ, లా, లే, ల్, లో అని వరసగా చదువుకుంటూ పోవడమే. అక్షరం ఒంటికే చిన్న కొమ్మో, సున్నానో తగిలించి అచ్చు మారుస్తారు. రోజూ పొద్దున ఒక వరస దిద్దుతున్నాను. దిగీదిగగానే కనీసం బోర్డులన్నా చదవాలని నా పట్టుదల.

టైము సంగతి విను. అక్కడి సహోద్యోగి ఫోన్లో "రేపు మూడింటికి మాట్లాడుకుందాం" అన్నాడు. మధ్యాహ్నం అనుకుని కూర్చున్నాను. అతను చెప్పింది పొద్దున తొమ్మిది! వాళ్లకి తెల్లవారి ఆరింటి నుంచే లెక్క మొదలు, ఏడైతే ఒంటిగంట. పంచాంగంలో మనకీ సూర్యోదయంతోనే కదా రోజు మొదలయ్యేది, అందుకే నాకు వింతగా అనిపించలేదు. ఇంకో సంగతి, వాళ్ల ఏడాదికి పదమూడు నెలలు. చివరి నెలకి అయిదో ఆరో రోజులే. సంవత్సరం లెక్క మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక.

తిండి గురించి అమ్మ బెంగ తీర్చాను. టెఫ్ అనే సన్నటి గింజల పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద దోసెలా పోసి, ఒక్క వైపే కాలుస్తారు. అదే ఇంజెరా. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో చాలా హోటళ్లలో పప్పులూ కూరగాయలూ దొరుకుతాయి. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని, ఇష్టమైనవాళ్లకి ముద్ద కలిపి నోట్లో పెడతారట. దాన్ని గుర్షా అంటారు. అమ్మకి అది ఎంత నచ్చిందో!

ఇక కాఫీ. మన అరకులో పండే అరబికాకి పుట్టిల్లు ఇథియోపియా నైరుతి అడవులే. పచ్చి గింజలు అతిథి ముందే కడిగి, వేయించి, ఆ పొగ వాసన చూపించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాస్తారు. మూడు విడతలు పోస్తారు. మూడోదాని పేరు బరకా, అంటే దీవెన. అది తాగకుండా లేవకూడదు. నేను లేవను.

సెప్టెంబరు 11న వాళ్ల కొత్త సంవత్సరం, ఎన్కుటాటాష్. వానలు వెనకబట్టి కొండలన్నీ "అదెయ్ అబెబా" అనే పసుప్పచ్చ పూలతో నిండే కాలం. ఆడపిల్లలు పూలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ వెళ్తారు. బతుకమ్మకి తంగేడు కోసుకొచ్చే మా చెల్లికి చెప్తే కళ్లు మెరిశాయి. అన్నట్టు, అడిస్ అబాబా అంటేనే "కొత్త పువ్వు". పండగ నాడు ఫోటోలు పంపుతాను. నువ్వు మాత్రం స్వెటర్ ఏ కొట్లో మంచిది దొరుకుతుందో వెంటనే రాయి. ఆ ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉందిరా.

నీ
రవి