వాలును తడి నేలగా లెక్కకట్టండి: రహదారుల చీఫ్ ఇంజనీర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రోడ్డు వెడల్పు కోసం కొండవాలును దాదాపు నిటారుగా కోసిన మలుపు మీదుగా నేను రోజూ వెళ్తాను. మొన్న వాన తెరిపిచ్చాక బండి ఆపి పైకెక్కి చూశాను. కోత అంచుకు నాలుగడుగుల వెనక నేల చీలింది. అందులో చెయ్యి మణికట్టు దాకా దూరింది. కింద గోడకు పెట్టిన నీటి గొట్టాలు మట్టితో పూడిపోయాయి. ఒకదాంట్లో గడ్డి కూడా మొలిచింది.

"వేసవిలో పరీక్షించాం, భద్రంగానే ఉంది" అంటున్నారు మీ సిబ్బంది. ఎండిన మట్టి నిలబడటంలో వింతేముంది? వాలును ఆపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చేది భద్రతా గుణకం. అది 1కి దిగితే జారడమే. శాశ్వత వాలుకు మామూలుగా 1.5 ఉండాలంటారు. నీరింకితే మట్టి బరువెక్కుతుంది, సరే. అసలు ముప్పు రేణువుల మధ్య పెరిగే నీటి ఒత్తిడి. వాటి పట్టును సడలించేది అదే. కాబట్టి నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్లు దించి వానాకాలమంతా నీటిమట్టం చూడాలి, గుణకాన్ని తడి నేలకే కట్టాలి. మట్టి నమూనాలు పగులు వెనక నుంచీ తీయాలి.

ఈలోగా పగుళ్లను బంకమట్టితో పూడ్పించండి, పైన మళ్లింపు కాలువ తవ్వించండి, గొట్టాలు శుభ్రం చేయించండి. వాలు పాదాన్ని మాత్రం ఇంకొక్క అడుగు కూడా తవ్వనివ్వకండి.

పగులుకు అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి వచ్చాను. వాటి మధ్య ఎడం అప్పుడే వేలెడు పెరిగింది. మీ మనిషిని పంపితే చూపిస్తాను.

ఇట్లు,
ఆ దారిన రోజూ వెళ్లే ఒక పౌరుడు