రన్ అంటే పరుగొక్కటే కాదురా

ఒరేయ్ శ్రీనూ,

"రన్" అంటే పరుగెత్తడం అని బోర్డు మీద రాసేసి ముందుకెళ్లిపోతే చాలదా అన్నావు. చాలదురా. ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్‌లో అర్థాల లెక్కలో "సెట్"దే పైచేయి. తర్వాత ఆ డిక్షనరీని సవరిస్తూ పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు "రన్" మీద దాదాపు తొమ్మిది నెలలు కూర్చుంటే, ఒక్క క్రియకే 645 అర్థాలు తేలాయి. కంగారు పడకు, నీ స్పోకెన్ ఇంగ్లిష్ పిల్లలకి ఓ ఇరవై వస్తే ఎక్కువే.

ఇంగ్లిష్ వాళ్లు పరుగెత్తించే చోట మనం చాలావరకు నడిపిస్తాం. బస్సు నడుస్తుంది, హోటలు నడుపుతాం, బడి నడుపుతాం. అలాగని అన్నిటికీ నడక పనికిరాదు. ఫ్యాను తిరుగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, ముక్కు కారుతుంది, ఏరు పారుతుంది, కొత్త చీర తడిపితే రంగు దిగుతుంది. ఇంగ్లిష్‌లో అన్నిటికీ "రన్" ఒక్కటే. కాబట్టి క్రియని పట్టుకుని వేలాడకుండా ముందు కర్త ఏమిటో చూడమను: నీళ్లా, యంత్రమా, బండా, మనిషా? తర్వాత కర్మ ఉందో లేదో చూడాలి. "ది ట్యాప్ ఈజ్ రన్నింగ్" అంటే కొళాయిలోంచి నీళ్లు వస్తున్నాయని, "రన్ ఎ బాత్" అంటే తొట్టిలో నీళ్లు పట్టమని. "రన్నింగ్ ఎ టెంపరేచర్" మాత్రం ఏ సూత్రానికీ లొంగదు. ఒళ్లు వెచ్చబడిందని బట్టీ పట్టించెయ్.

అసలు తంటా వెనక తగిలే చిన్న ముక్కలతో. ఇంట్లో పాలు అయిపోయాయి అంటాం, కర్త పాలు. వాళ్లేమో "వియ్ ర్యాన్ ఔట్ ఆఫ్ మిల్క్" అంటారు, కర్త మనం. పిల్లలు రెండూ కలిపేసి "మిల్క్ ర్యాన్ ఔట్ ఆఫ్" అని మధ్యలో ఆగిపోతారు. పాలతో మొదలుపెడితే "ఆఫ్" తీసెయ్యాలి, అంతే.

ఇంకోటి చూడు. "ర్యాన్ అప్ ఎ హిల్", "ర్యాన్ అప్ ఎ బిల్". పైకి ఒకేలా ఉన్నాయి కానీ మొదటిది గుట్టెక్కడం, రెండోది బిల్లు పెంచుకోవడం. తేడా పట్టాలంటే ఆ నామవాచకం తీసేసి "ఇట్" పెట్టించు. గుట్టయితే "ర్యాన్ అప్ ఇట్", బిల్లయితే "ర్యాన్ ఇట్ అప్". "రన్ ఇంటూ" గుట్ట జాతిది, ఎప్పుడూ విడిపోదు. "ఐ ర్యాన్ ఇంటూ హిమ్" అంటే అనుకోకుండా ఎదురుపడ్డాడని. కారు గోడని "రన్ ఇంటూ" అయితే మాత్రం గుద్దేసినట్టే!

క్రికెట్ తెలిసిన పిల్లలకి ఒకటి సులువుగా ఎక్కుతుంది. "హి వాజ్ రన్ ఔట్" అంటే రనౌటయ్యాడు, "హి ర్యాన్ ఔట్" అంటే బయటికి పరుగెత్తాడు. "వాజ్" పక్కన "ర్యాన్" రాదు, "హ్యాజ్" పక్కనా రాదు. నాకు తెలిసి అందరూ ఎక్కువగా జారిపడేది ఇక్కడే. (బౌండరీకి పరుగెత్తకుండానే నాలుగు "రన్లు" ఎలా వస్తాయని ఎవడైనా అడిగితే ఆ క్లాసు అక్కడితో అయిపోయినట్టే.)

ఎన్నికలకి నిలబడడాన్ని అమెరికా వాళ్లు "రన్" అంటే, బ్రిటన్ వాళ్లు మనలాగే "స్టాండ్" అంటారు. కామర్స్ పిల్లలుంటే "బ్యాంక్ రన్" కూడా చెప్పు, డిపాజిటర్లంతా ఒక్కసారిగా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడడం. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు లాగేసుకోబోయారు. అక్కడ చాలామంది ఫోన్లలోనే పని కానిచ్చారు, కాలు కదపలేదు.

మొదటి వారం కర్తల సంగతి, రెండో వారం "ఔట్ ఆఫ్", "ఇంటూ", "అప్" చాలు. "రన్ ఓవర్", "రన్ త్రూ" అప్పుడే ముట్టుకోకు. రెంటికీ "గబగబా ఓసారి చూడు" అనే అర్థముంది, కానీ ఒకదానికి బండి కింద తొక్కించడమనీ ఇంకోదానికి కత్తితో పొడవడమనీ కూడా ఉన్నాయి. ఒకేరోజు చెప్తే పిల్లలు కలిపేస్తారు.

నీ
మూర్తి