పాఠాల కింద అక్షరాలు వేయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్స్‌లో నేనిచ్చిన అర్జీకి జవాబు వచ్చింది. "విద్యార్థికి ట్యాబ్ ఇదివరకే అందజేయబడినది. కావున అర్జీ పరిష్కరించడమైనది" అని. నేను ట్యాబ్ అడగలేదండీ. ట్యాబ్‌లోనూ, క్లాసు గోడకున్న పెద్ద ప్యానెల్‌లోనూ వచ్చే వీడియో పాఠాల కింద, చెప్పే మాటలు చదువుకునేలా అక్షరాలు వేయించమని అడిగాను. అంతకుముందు ఇచ్చిన అర్జీకి ఈ మాత్రం జవాబు కూడా లేదు. కాబట్టి ఇది కూడా ప్రగతే అనుకోవాలి.

మావాడు పదో తరగతి. పుట్టినప్పటి నుంచీ వినికిడి తక్కువ. క్యాంపులో ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటాడు. మిషన్ పెట్టుకుంటే ఇక అందరిలా వినపడుతుందని ఆఫీసుల్లో చాలామంది అనుకుంటారు. అది మాటను పెంచినట్టే ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది, బెంచీలు జరిపే మోతనూ పెంచుతుంది. మనిషి దగ్గరగా ఉంటే మాట తెలుస్తుంది, దూరమైతే అంతా కలిసిపోతుంది. అందుకే వాడు చెవితో సగం, కళ్లతో సగం వింటాడు. సార్ పెదాలు చూస్తాడు, బోర్డు మీద రాసింది చూస్తాడు, రెండూ కలుపుకుని పాఠం పట్టుకుంటాడు. ఏడో తరగతి దాకా అట్లాగే చదివాడు. మార్కులకు కొదవ లేదు.

ప్యానెల్ వచ్చాక వాడికి సార్ ముఖం లేకుండా పోయింది. సార్ తప్పేమీ లేదు. వీడియో పెడితే ఆయన పక్కకు తప్పుకోవాలి కదా. ఆ కాసేపట్లో ఫోన్లో యాప్‌లకు ఎక్కించాల్సినవి ఉండనే ఉంటాయి. వీడియోలో మాట్లాడే మనిషి కనపడడు. గుండె బొమ్మ గిరగిరా తిరుగుతూ ఉంటుంది, వెనకాల ఎవరో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతుంటారు. గుండె బొమ్మకు పెదాలుండవు. పక్క పిల్లలంతా పాఠం చూస్తుంటే మావాడు మూకీ సినిమా చూసి ఇంటికొస్తాడు. "ఏం చెప్పారు నాయనా?" అంటే "ఎర్ర రక్తం, నీలి రక్తం" అంటాడు. బొమ్మలో ఉన్న రంగులు అవి.

అక్షరాలొచ్చే వీడియోలు కొన్ని ఉన్నాయి, కాదనను. వాటిలోనూ కొన్నింటికి కంప్యూటరే తనకు వినపడింది రాసేస్తుంది. ఒక లెక్కల వీడియోలో ఇంగ్లీషులో చెప్పేది థర్టీన్, అంటే పదమూడు. కింద పడింది థర్టీ, అంటే ముప్పై. చెవులున్న పిల్లలు విన్నది రాసుకున్నారు. మావాడు చూసింది రాసుకున్నాడు. లెక్క తప్పయింది. కంప్యూటరును నమ్మినందుకు మార్కు పోయింది వాడికే.

సైన్సు సారు ఒకాయన మాత్రం రెండు నిమిషాలకోసారి వీడియో ఆపుతాడు. పిల్లల వైపు తిరిగి తెలుగులో చెబుతాడు, నాలుగు మాటలు బోర్డు మీద రాస్తాడు, మళ్లీ నడిపిస్తాడు. ఆ పీరియడ్ ఒక్కటీ మావాడికి పండగ. మావాడికే కాదు, వెనక బెంచీల వాళ్లకూ అప్పుడే అర్థమవుతుందట. కానీ అట్లా ఆపుకుంటూ పోతే వీడియో పూర్తి కాదు. పైనుంచి అడిగేది ప్యానెల్ ఎన్ని నిమిషాలు నడిచిందని, ఫోటో పెట్టారా లేదా అని. ఎంతమందికి అర్థమైందని అడిగిన ఆఫీసరును మా బడి కమిటీ మీటింగులో నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు మీరే చెప్పండి, ఆ సారుకు శాలువా కప్పాలా, సంజాయిషీ అడగాలా?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 42వ సెక్షన్ చూపించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత సెంటర్ టీచర్ నాకు అర్థమయ్యేలా చెప్పింది. తెర మీద నడిచేవాటికి మాటలు అక్షరాల్లో రావాలి, సైగల భాష ఉండాలి, చూపు లేనివాళ్లకు బొమ్మను మాటల్లో వివరించాలి, వీటికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి అని ఉందట. మీకు తెలియని చట్టమా ఇది? ప్యానెళ్లు కొనేటప్పుడు ఎన్ని అంగుళాలుండాలో రాసుకున్న కాగితంలో ఈ ఒక్క ముక్క రాసుకునేందుకు చోటు లేకపోయిందా? గత ప్రభుత్వం కొన్నదని మీరంటారేమో. ప్యానెల్ గోడకే ఉందండీ, ప్రభుత్వం మారినా అది దిగలేదు. ట్యాబుల్లో పాఠాలు నింపిన కంపెనీ దివాలా కేసుల సంగతి పేపర్లలో చదివాం. ఆ పాఠాలు ఇప్పుడెవరు సరిదిద్దాలో అడిగితే ఒకరి మీద ఒకరు చెబుతున్నారు.

నా కొడుకు కోసమే రాస్తున్నానని అనుకోవద్దు. మాది ఆదోని వైపు. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఇళ్లల్లో ఇప్పటికీ కన్నడం మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ వాళ్లున్నారు, పక్కన సుగాలి తండాలున్నాయి. ఒకే క్లాసులో ఇన్ని మాటలు. ప్యానెల్‌కు మాత్రం ఒక్కటే గొంతు, అది మా ఊళ్లో ఎవరి గొంతూ కాదు.

తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి గురించి చెప్పాలి. దీపావళి దాటాక ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతారు, పత్తి తీతకో గుంటూరు వైపు మిరప కోతకో. ఆ పిల్ల తిరిగొచ్చాక పరీక్ష పెట్టే యాప్ ముందు కూర్చోబెట్టారు. ప్రశ్న చదవడానికే ఆమెకు సమయం సరిపోలేదు. యాప్ ఆమెను మూడో తరగతి లెక్కలకు దించేసింది. ఎన్ని కిలోల పత్తి తీశారు, కిలోకి ఎంత, మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్నది పోను చేతికి ఎంత రావాలి అని వాళ్ల నాన్నకు నోటితో లెక్క చెప్పే పిల్ల ఆమె! రానిది భాష, యాప్ రాసుకున్నది లెక్కలు రావని. ఆ రాత తప్పని సారుకు తెలిసినా మార్చే బటన్ ఆయన దగ్గర లేదు. పిల్లలను కొలవడానికి ఇన్ని యాప్‌లు పెట్టారు, యాప్‌ను కొలవడానికి ఒక మనిషిని పెట్టలేదు.

ఇక కృత్రిమ మేధతో పాఠాలొస్తాయని ఈమధ్య వింటున్నాం. రానివ్వండి, మంచిదే. మేము మిషన్లకు వ్యతిరేకులం కాదు. చెవి మిషన్ లేకపోతే మావాడు బడికే పోయేవాడు కాదు. పదమూడుకూ ముప్పైకీ తేడా తెలిశాక రమ్మనండి, అంతే.

అయ్యా, దండం పెట్టి అడుగుతున్నాను. పాఠాల కింద అక్షరాలు వేయించండి. తెలుగులో వేయించండి, మనిషి ఒకసారి చదివి సరిచూశాకే బడికి పంపండి. వీడియో ఆపి చెప్పే సార్లను నిమిషాల లెక్కలతో టెన్షన్ పెట్టకండి. యాప్ ఇచ్చిన మార్కును టీచర్ దిద్దే వీలుండాలి. సుగ్గికి పోయిన పిల్లలకు వచ్చాక ఏం చేస్తారో అదీ చెప్పండి. కొత్తవి కొనేముందు భవిత సెంటర్ టీచర్లను ఒక్కసారి పిలిచి అడగండి, వాళ్లకు తెలుసు. ముందు మాత్రం అక్షరాలు వేయించండి. మార్చిలో మావాడికి పబ్లిక్ పరీక్షలు.

ఈ ఉత్తరం మీద విచారణకు ఎవరినైనా పంపితే ట్యాబ్ ఇచ్చారా లేదా అని అడిగే వాళ్లను పంపకండి. వచ్చినవాళ్లు వీడియో మోత పూర్తిగా ఆపేసి ఒక పీరియడ్ మావాడి పక్కన కూర్చోవాలి. ఆఖరి పీరియడ్‌లో పిల్లలు రాసే స్లిప్ టెస్టే వాళ్లూ రాసి, వచ్చిన మార్కులు మీకు పంపాలి.

ఇట్లు,
ఒక తల్లి, పాఠశాల కమిటీ సభ్యురాలు
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా